ధైర్యం చెప్పకండి, పక్కన కూర్చోండి: నయం కాని జబ్బులో రోగికీ ఇంటివాళ్లకూ మనసు ఆసరా ఇవ్వడం ఎలా?

ఒక సాయంత్రం మా నాన్న "నాకింకా ఎన్నాళ్లుందంటావు?" అని అడిగారు. "అవేం మాటలు నాన్నా, ధైర్యంగా ఉండండి" అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తరువాత బతికిన ఏడు వారాల్లో ఆ ప్రస్తావన మళ్లీ తేలేదు. నాకు ధైర్యం చాలకనే ఆయనకు ధైర్యం చెప్పానని గ్రహించేసరికి ఆయన లేరు.

కొన్నేళ్లుగా ఉపశమన చికిత్స, అంటే తీవ్రమైన జబ్బులో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ అందించే బృందంతో కలిసి రోగుల ఇళ్లకు వెళ్తున్నాను. జబ్బు నయం కాదని తేలాక ఏది ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. కౌన్సెలర్లు, మానసిక వైద్యులు మాత్రమే చేయాల్సిన పని కొంత ఉంది. అది ఎక్కడ వస్తుందో చెబుతాను. మిగిలినదంతా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి చేయగలిగినదే.

1. ముందు ఒంటి బాధ తగ్గేలా చూడండి

పళ్ల బిగువున నొప్పిని ఓర్చుకుంటున్న మనిషిని మనసు విప్పమనడం అన్యాయం. అందుకే మొదటి పని మాటలతో కాదు, మందులతో.

ఆధునిక ఉపశమన చికిత్సకు పునాది వేసిన సిసిలీ సాండర్స్ మొదట నర్సుగా, తరువాత ఆస్పత్రిలో సామాజిక కార్యకర్తగా పనిచేసి ఆ పైన డాక్టరయ్యారు. మూడు వైపుల నుంచీ చూసినందువల్లనే కాబోలు, రోగి పడే బాధ ఒక్క ఒంటిది కాదని ఆమె కనిపెట్టారు. శరీరం, మనసు, మనుషులతో ఉన్న సంబంధాలు, నమ్మకాలు నాలుగూ పెనవేసుకుని ఒకే నొప్పిగా పైకి వస్తాయని చెప్పి, దానిని 'సంపూర్ణ వేదన' అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. 1967లో లండన్‌లో ఆమె నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి దశ రోగులను చూసుకునే చోటు, ఈ ఆలోచన మీదే నడిచింది. మనకు దీనివల్ల తెలిసేది ఒకటుంది. రాత్రయ్యేసరికి నొప్పి పెరుగుతోందంటే మందు చాలకపోయి ఉండవచ్చు, చీకట్లో ఒంటరిగా మెలకువగా ఉండటం భయమై కూడా ఉండవచ్చు. రెండూ అడగాలి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. నొప్పికి సున్నా నుంచి పది వరకు రోగి ఇచ్చే అంకె, ఆ వేళ, ఇచ్చిన మందు, నిద్ర, విరేచనం, ఆయాసం అందులో రాయండి. "బాగా బాధపడుతున్నారండీ" అనే మాట కంటే ఆ పేజీ డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు పేరు వినగానే అలవాటైపోతుందేమో, ప్రాణం ముందే పోతుందేమో అని ఇంటివాళ్లు బెదిరిపోతారు. డాక్టరు నొప్పిని బట్టి నిర్ణయించిన మోతాదులో ఇచ్చినప్పుడు ఈ రెండు భయాలకూ పెద్దగా ఆధారం లేదు. మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది. దానికి మందు మొదటి రోజే అడిగి తీసుకోండి.

ఉపశమన చికిత్స అంటే చేతులెత్తేయడమనే అపోహ ఇంకా పోలేదు. 2010లో బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై జరిగిన అధ్యయనం వేరే సంగతి చెప్పింది. మామూలు చికిత్సతోపాటు మొదటినుంచే ఉపశమన చికిత్స అందుకున్నవారిలో కుంగుబాటు (డిప్రెషన్) లక్షణాలు తక్కువగా కనిపించాయి. వారి మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటిన కాలం, 11.6 నెలలు ఉండగా, మామూలు చికిత్స మాత్రమే అందుకున్నవారిది 8.9 నెలలే. కాబట్టి ఆఖరి వారం దాకా ఆగకుండా, జబ్బు ముదిరిందని తెలిసినప్పుడే ఆ బృందం గురించి వాకబు చేయండి.

2. ఏం తెలుసో, ఎంత తెలుసుకోవాలనుందో అడగండి

నేను ఎక్కువగా తడబడింది ఇక్కడే. చాలా ఇళ్లు తడబడేదీ ఇక్కడే.

గుమ్మంలోనే కూతురు మమ్మల్ని ఆపి, "అమ్మకు ఏమీ తెలియదు, దయచేసి చెప్పకండి" అంటుంది. లోపలికి వెళ్లాక ఆ అమ్మ తలుపు వేయమని సైగ చేసి, "నాకు తెలుసని మా అమ్మాయికి చెప్పకండి, తట్టుకోలేదు" అంటుంది. ఇలాంటిది ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ 1965లోనే ఆస్పత్రుల్లో ఈ స్థితిని గమనించి నాలుగు రకాలుగా చెప్పారు. రోగికి ఏమీ తెలియకపోవడం మొదటిది, అనుమానం రావడం రెండవది. అందరికీ తెలిసీ ఎవరికీ తెలియనట్టు నటించడం మూడవది, బాహాటంగా మాట్లాడుకోవడం నాలుగవది. అన్నింటిలోకీ ఒంటరితనం మూడవదానిలోనే ఎక్కువ. ఇంటినిండా మనుషులుంటారు, ఎవరి ఏడుపు వారు స్నానాల గదిలో ఏడుస్తారు.

దీనిని విడదీయడానికి రోగి దగ్గరికి నేరుగా వెళ్లి నిజం కుమ్మరించకండి. ముందు దాస్తున్న మనిషితో మాట్లాడండి. దాపరికం వెనుక ఉన్నది ప్రేమేనని ఒప్పుకోండి. "మీరు అమ్మను కాపాడాలని చూస్తున్నారు. చెబితే ఏమవుతుందని మీ భయం?" అని అడగండి. తరువాత, "ఇది దాస్తున్నందుకు మీకెలా ఉంది?" అని అడగండి. ఈ రెండో ప్రశ్నకు చాలామంది ఏడ్చేస్తారు, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లనెవరూ అది అడిగి ఉండరు. చివరగా ఒక మాట ఇవ్వండి: "నేనుగా ఏదీ చెప్పను. కానీ ఆవిడ అడిగితే అబద్ధం మాత్రం ఆడలేను."

ఇక రోగితో. చెడువార్త చెప్పే పద్ధతిని 2000లో ఆరు మెట్లుగా ఒక క్రమంలో పెట్టిన క్యాన్సర్ వైద్యులు, చెప్పడానికి ముందు అడగాలన్నారు. టీవీ ఆపి, ఫోను పక్కన పెట్టి, కళ్లకు కళ్లు సమానంగా ఉండేలా కూర్చోండి. "మీ ఆరోగ్యం గురించి డాక్టర్లు ఏం చెప్పారు? మీకేమనిపిస్తోంది?" అని మొదలుపెట్టండి. "ఇంకా వివరంగా తెలుసుకోవాలని ఉందా, లేక మేం చూసుకుంటే చాలా?" అనేది తరువాతి ప్రశ్న. "నాకొద్దు, మీరే చూసుకోండి" అంటే అది కూడా సరైన జవాబే. నిజం తెలుసుకోవడం రోగి హక్కు, దానిని బలవంతంగా వినిపించే హక్కు మనకు లేదు. వారం తరువాత మనసు మారవచ్చు కనుక మళ్లీ ఒకసారి అడిగి చూడండి.

మా నాన్న అడిగిన ప్రశ్న మీకూ ఎదురవుతుంది. ఇప్పుడైతే నేను ఇలా అంటాను: "మీకేమనిపిస్తోంది నాన్నా? ఎందుకడుగుతున్నారు?" ఆ ప్రశ్న వెనుక నొప్పి పెరుగుతుందేమోనన్న భయం ఉండవచ్చు, తీర్చాల్సిన అప్పు ఉండవచ్చు, ఒక పెళ్లి చూడాలనే కోరిక ఉండవచ్చు. సూటిగా కాలమే అడిగితే డాక్టరును తేదీ కాకుండా 'నెలలా, వారాలా, రోజులా' అనే రీతిలో చెప్పమనండి. తేదీ చెబితే ఇల్లంతా కేలెండరు వైపు చూస్తూ కూర్చుంటుంది.

3. వినండి, సరిచేయకండి

ఇరవై నిమిషాలు చాలు. వచ్చేటప్పుడే "ఇరవై నిమిషాలు ఉంటాను" అని చెప్పండి. ఎప్పుడు లేచిపోతారోనన్న ఆందోళన రోగికి ఉండదు. మౌనం వస్తే దానిని నింపే ప్రయత్నం చేయకండి. మనసులో పదిదాకా లెక్కపెట్టండి, చాలాసార్లు అసలు మాట ఆ తరువాతే వస్తుంది.

"అంతా మంచే జరుగుతుంది", "మీకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు", "ఏడవకూడదు" లాంటి మాటలు కట్టిపెట్టండి. ఇవన్నీ ఎదుటివారి నోరు మూయించే మర్యాదైన పద్ధతులు. "ఇది చాలా కష్టం", "నాకూ ఏం చెప్పాలో తెలియడం లేదు, కానీ ఇక్కడే ఉంటాను", "ఈరోజు అన్నింటికంటే ఎక్కువ బాధిస్తున్నదేమిటి?" అనేవి చాలు. "నాకు నయమవుతుంది కదా?" అని ఆశగా అడిగినప్పుడు అవుననీ కాదనీ అనకుండా, "అలా జరిగితే ఎంత బాగుండునో. ఒకవేళ జరగకపోతే మీకేది ముఖ్యం?" అనవచ్చు. ఆశను తుంచనక్కరలేదు, దానికి రెండో దారి చూపిస్తే చాలు. మనవరాలి పుట్టినరోజు దాకా ఉండాలి, రేపు ఎండలో కాసేపు కూర్చోవాలి అనేవీ ఆశలే.

చావు దగ్గరపడినవారి మనసు గురించి మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో చెప్పిన ఐదు దశల గురించి మీరు వినే ఉంటారు: నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, అంగీకరించడం. వాటిని మెట్లుగా తీసుకుని "ఇంకా కోపం దగ్గరే ఆగిపోయారు" అని రోగిని అంచనా వేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. పొద్దున వీలునామా గురించి ప్రశాంతంగా మాట్లాడిన మనిషి సాయంత్రం వచ్చే ఏడాది ప్రయాణానికి టికెట్లు కొనమంటాడు. ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం కాదు. సూర్యుడిని తదేకంగా చూడలేనట్టే చావునూ చూడలేం, మధ్యమధ్య కళ్లు తిప్పుకోవాలి. అలా తిప్పుకున్నప్పుడు తల పట్టుకుని మళ్లీ అటు తిప్పకండి.

కోపం మీ మీదికే వస్తుంది. నీళ్లు చల్లగా లేవని గిన్నె విసిరితే అది నీళ్ల మీది కోపం కాదు. గొంతు పెంచకుండా, "ఇదంతా చేతిలోంచి జారిపోతున్నట్టుంది కదూ" అనండి. ఏది తినాలి, ఎవరు రావాలి, కిటికీ తెరవాలా వద్దా లాంటి చిన్న నిర్ణయాలన్నీ తిరిగి రోగి చేతిలో పెట్టండి.

4. దుఃఖమా, కుంగుబాటా?

చావు దగ్గరైతే దిగులు పడటం సహజం అని కొట్టిపారేయడం వల్ల, మందుకు లొంగే కుంగుబాటు కూడా చికిత్స లేకుండా మిగిలిపోతుంది. దుఃఖం అలలా వచ్చిపోతుంది. మధ్యలో మనవడిని చూసి నవ్వు వస్తుంది, పాత స్నేహితుడు వస్తే ముఖం వెలుగుతుంది. కుంగుబాటులో ఏ మనిషి వచ్చినా, ఏ మాట విన్నా ఏమీ కదలదు. "నేను పనికిరానివాడిని, అందరికీ భారం" అనే మాట రోజంతా తిరుగుతుంది. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, నీరసం చూసి నిర్ధారించలేం, అవి జబ్బువల్లా వస్తాయి. కెనడా మానసిక వైద్యుడు హార్వే చోచినోవ్ బృందం 1997లో 197 మంది రోగులపై చేసిన అధ్యయనంలో "మీకు కుంగుబాటుగా ఉంటోందా?" అని నేరుగా అడిగిన ఒక్క ప్రశ్న పొడవాటి ప్రశ్నావళుల కంటే బాగా పనిచేసింది. మీరూ అడగండి. అవునని చెప్పి, రెండు వారాలుగా అలాగే ఉంటే డాక్టరుకు చెప్పి మానసిక వైద్యుడి సాయం తీసుకోండి.

"త్వరగా పోతే బాగుండు" అన్న మాట వింటే ఉలిక్కిపడి నోరు నొక్కకండి. అలసిపోయాననో, మీకు భారమయ్యాననో, నొప్పి భరించలేననో చెప్పడానికి అది ఒక దారి. "ఏది భరించలేనట్టుంది?" అని అడగండి. "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అని కూడా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులు చేతికందకుండా పెట్టండి, అదే రోజు డాక్టరుకు చెప్పండి. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, పగలు రాత్రి తేడా తెలియకపోవడం, లేనివి కనిపించడం మాత్రం దిగులు కాదు. అది మందులవల్లనో ఇన్ఫెక్షన్‌వల్లనో వచ్చే మతిభ్రమ కావచ్చు, వెంటనే వైద్యం కావాలి.

5. జీవితాన్ని చెప్పించండి

నాకు బాగా ఇష్టమైన పని ఇది. మంచం పట్టిన మనిషికి అన్నింటికంటే ముందు పోయేది పేరు. ఆయన 'మూడో నంబరు మంచం' అయిపోతాడు, ఇంట్లో కూడా 'నాన్న మందులు', 'నాన్న పక్క' అయిపోతాడు. చోచినోవ్ దీనికి విరుగుడుగా గౌరవ చికిత్స అనదగిన పద్ధతిని తయారు చేశారు. కొన్ని ప్రశ్నలతో రోగిచేత జీవితం గురించి చెప్పించి రికార్డు చేస్తారు, అక్షరాలా రాస్తారు, క్రమం సరిచేసి రోగికే చదివి వినిపిస్తారు. మార్పులు చేశాక ఆ కాగితాలు రోగి కోరినవారికి అందుతాయి. 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఈ పద్ధతిలో పాల్గొన్న 100 మందిలో 91 శాతం సంతృప్తి చెందామన్నారు. కుటుంబానికి ఇది ఉపయోగపడుతుందని నమ్మినవారు 81 శాతం.

ఇంట్లో చేయాలంటే ఇలా మొదలుపెట్టండి. రోగికి ఓపిక ఉండే వేళ ఏదో చూడండి, చాలామందికి అది ఉదయమే. ఫోనులో రికార్డు చేస్తున్నానని చెప్పి అనుమతి తీసుకోండి. ఒకసారికి అరగంట, మహా అయితే గంట. అడగదగిన ప్రశ్నలు ఇవి: మీ జీవితంలో బాగా గుర్తుండిపోయిన కాలం ఏది? మీరు చేసిన పనుల్లో మీకు గర్వంగా అనిపించేది ఏది? మీ గురించి పిల్లలు తెలుసుకోవాల్సింది, ఇంతవరకు తెలియనిది ఏమిటి? వాళ్ల కోసం మీ కోరిక ఏమిటి? ఎవరికైనా ఇప్పుడు చెప్పాలనుకున్నది ఉందా? పుట్టిన సంవత్సరంతో మొదలుపెట్టించి వరుసగా చెప్పించాలని చూడకండి, ఏ మాట తలుపు తెరిస్తే అందులోకే వెళ్లండి. మాటలు రాకపోతే పాత ఫోటోలు ఒళ్లో పెట్టండి.

రాసేటప్పుడు ఆయన మాట తీరు చెరపకండి. వాడే పదాలు, సామెతలు, మధ్యలో తిట్లు కూడా ఆయనవే. అయితే ఒకరిని గాయపరిచే మాట వచ్చినచోట ఆగి, "ఇది ఇలాగే తమ్ముడికి అందాలా?" అని తప్పక అడగండి. ఆయన లేనప్పుడు ఆ కాగితానికి వివరణ చెప్పేవాళ్లుండరు. చివరికి గొంతెత్తి చదివి వినిపించండి. తన జీవితాన్ని తనే వింటూ, "పర్లేదు, బాగానే బతికాను" అన్న మనుషుల్ని చూశాను. కొందరికి ఇది రుచించదు. గతం అంతా గాయమే అయినవారిని తవ్వవద్దు.

మాట్లాడే ఓపికున్నవారికి కౌన్సెలరు దగ్గర ఇంకొక దారి ఉంది. న్యూయార్క్‌లో మానసిక వైద్యుడు విలియం బ్రైట్‌బార్ట్ రూపొందించిన అర్థాన్వేషణ చికిత్సలో ఏడు వారాలు, వారానికి ఒక గంట చొప్పున కూర్చుంటారు. బతుకుకు అర్థం ఇప్పటికీ ఎక్కడ దొరుకుతోందో రోగే వెతుకుతాడు: తనకు వచ్చిన, తాను వదిలివెళ్లే వారసత్వంలో, కష్టాన్ని ఎదుర్కొనే తీరులో, చేసే పనిలో, ప్రేమలో, అందంలో.

6. మిగిలిపోయిన మాటలు

క్షమించు, క్షమించాను, నీకు రుణపడి ఉన్నాను, నువ్వంటే నాకు ప్రేమ. ఉపశమన చికిత్సలో పనిచేసేవారు తరచూ గుర్తుచేసే నాలుగు మాటలు ఇవే. నోటితో చెప్పడం కష్టమైతే ఉత్తరం రాయవచ్చు, ఫోనులో గొంతు పంపవచ్చు, చెయ్యి పట్టుకుని నలభై ఏళ్ల నాటి ఒక సంఘటన గుర్తుచేయవచ్చు. తెగిపోయిన సంబంధాలన్నీ ఆఖరి వారంలో అతుక్కోవు. హింసించిన మనిషిని క్షమించమని ఎవరినీ ఒత్తిడి చేయకండి.

7. ఇంటివాళ్లనూ రోగులుగా చూడండి

మనిషి ఉండగానే మొదలయ్యే దుఃఖం ఒకటుంది. మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లోనే దీనిని గుర్తించారు. రాత్రి మూడింటికి పక్క మార్చుతూ "ఇది ఎప్పుడు ముగుస్తుందో" అనుకుని, మరుక్షణం తనను తాను తిట్టుకునే భార్యకు చెప్పండి: ముగియాలనుకున్నది బాధ, మనిషి కాదు. సేవ చేసేవారు వారానికి ఒక పూటైనా ఇంటి బయట గడపాలి. "ఏదైనా కావాలంటే చెప్పండి" అనే బంధువులకు పని పంచండి: మంగళవారం రాత్రి కాపలా మీది, మందులు తేవడం మీది, ఫోనులో అందరికీ కబురు చెప్పడం మీది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, రోగి ఏం కోరుకుంటున్నారో, ఆస్పత్రిలో ఉండాలా ఇంట్లోనా, ఊపిరి ఆగితే యంత్రం పెట్టాలా వద్దా అనేవి రోగి మాట్లాడగలిగినప్పుడే తేల్చుకోండి.

పిల్లల్ని ఇంకో ఇంటికి పంపేయకండి. వాళ్ల మనసులో దాదాపు ఎప్పుడూ మూడు ప్రశ్నలుంటాయి: నావల్ల వచ్చిందా? నాకూ వస్తుందా? నన్నెవరు చూసుకుంటారు? అడగకపోయినా ఈ మూడింటికీ జవాబు చెప్పండి. 'నిద్రపోయారు', 'దూరం వెళ్లారు' అనకండి. నిద్రపోయారని విన్న పిల్లవాడు ఆ రాత్రి నుంచి నిద్రకు భయపడతాడు. "తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోతుంది, దాన్ని చావు అంటారు" అనే మాట కఠినంగా ఉన్నా పిల్లలు తట్టుకుంటారు. చెప్పగానే ఆటకు పరిగెత్తితే అర్థం కాలేదనుకోవద్దు, పిల్లలు దుఃఖాన్ని గుక్కలు గుక్కలుగా తాగుతారు.

8. చివరి రోజుల్లో

ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. నిద్ర పెరుగుతుంది, తిండి ఆగిపోతుంది, కాళ్లు చేతులు చల్లబడి చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది. శ్వాస వేగంగా నడిచి, ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర వినిపిస్తుంది. అది వినేవారిని బాధించినంతగా రోగిని బాధించదని వైద్యుల అభిప్రాయం. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తిననందువల్ల చనిపోవడం లేదు, చనిపోతున్నందువల్ల తినడం లేదు. అన్నం పెట్టలేకపోతున్నామని కుమిలిపోయేవారికి ఈ మాట రోజూ చెప్పాల్సి వస్తుంది. పెదవులు తడపడం, నోరు శుభ్రం చేయడం వారి చేతికివ్వండి, ప్రేమకు ఏదో ఒక పని కావాలి.

స్పృహ లేదనుకుని మంచం మీదుగా అంత్యక్రియల ఖర్చు మాట్లాడకండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, స్పందన లేని స్థితిలో ఉన్న కొందరు రోగుల మెదడు శబ్దాలకు స్పందించడం నమోదైంది. పేరు పెట్టి పిలవండి, ఎవరు వచ్చారో చెప్పండి. "మేం ఒకరినొకరం చూసుకుంటాం, మీరు బెంగపెట్టుకోకండి" అనే మాట చెప్పాలనిపిస్తే చెప్పండి. ఆఖరి క్షణంలో మీరు టీ తాగడానికి వెళ్లి ఉండవచ్చు. అలా ఎవరూ లేని క్షణంలో పోయేవారు చాలామంది, అది మీరు చేసిన తప్పు కాదు.

9. ఆ తరువాత

మొదటి రెండు వారాలు ఇల్లు నిండుగా ఉంటుంది. అసలు ఖాళీ ఆ తరువాత. నెదర్లాండ్స్ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పినట్టు దుఃఖం రెండు ఒడ్ల మధ్య ఊగుతుంది. ఒకరోజు పోయిన మనిషి చొక్కా పట్టుకుని ఏడుస్తారు, మరునాడు బ్యాంకు కాగితాలు సరిచేసి సినిమా చూస్తారు. సినిమా చూసినందుకు తప్పు పట్టకండి. వస్తువులు సర్దేయమని తొందరపెట్టకండి. మీరు చేసిన రికార్డింగు ఎప్పుడు వినాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

నెలలు గడిచినా ఆ మనిషి కోసం తపన ఇసుమంతైనా తగ్గక, పని, తిండి, మనుషులు అన్నీ ఆగిపోతే దానిని దీర్ఘకాల శోక రుగ్మత అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీనికి కనీసం ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల సంఘం పెద్దలకు పన్నెండు నెలలు గడువు పెట్టాయి. దీనికి ప్రత్యేకమైన కౌన్సెలింగ్ ఉంది, పంపించండి. చనిపోవాలన్న మాట వస్తే గడువు చూడకండి.

మూడో నెలలో ఒకసారి, పోయినవారి పుట్టినరోజు మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, ఏడాది నిండిన రోజున ఒకసారి వెళ్లండి. తేదీలు ఇప్పుడే ఫోనులో పెట్టుకోండి. వెళ్లినప్పుడు పోయిన మనిషి పేరు మీరే ముందు ఎత్తండి. "ఆయన ఆ రోజు గిన్నె విసిరారు చూడండి" అని మీరంటే, వాళ్లు ఏడుస్తారో నవ్వుతారో తెలియదు. ఏది చేసినా కూర్చునే ఉండండి.